‘బాబు’ అంటే ‘లేదు’ అనే ఊళ్ళో

మొన్నొక పొద్దున్న బిలాస్‌పూర్ శివారు ఉస్లాపూర్‌లో మా వీధిలోకి, మంగ్లా వైపు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే కూరల ఆమె మా గేటు దగ్గర ఆగి, "అమారీ భాజీ లేబే కా దాయీ" అని అడిగింది. అమారీ అంటే ఈ ఛత్తీస్‌గఢ్ వాళ్ళ మాటలో మన గోంగూర. రెండు కట్టలు తీసుకుని, వరండాలో పాత పేపరు పరుచుకుని ఆకు గిల్లుతూ కూర్చున్నాను. సెలవులకు వచ్చిన మనవరాలు, అంటే మా పాప కూతురు, ఫోను పక్కన పెట్టి నా దగ్గర చతికిలబడి, సగం హిందీ, సగం మా ఇంటి తెలుగు కలిపి అడిగింది.

"అమ్మమ్మా, మమ్మీ చిన్నప్పుడు మీరు ఆఫ్రికాలో ఉండీవారట కదా. వహాఁ ఏటి తినీవారు?"

"అన్నమే తినీవోళ్ళమే" అని అప్పటికి దాటేశాను. కానీ ఆ మాట సగమే నిజం. ఆ పిల్ల మళ్ళీ ఫోను అందుకున్నాక, నా చేతులు ఆకు గిల్లుతూనే ఉన్నాయి గానీ మనసు మాత్రం నలభై ఏళ్ళ వెనక్కి, జారియా అనే ఊరికి వెళ్ళిపోయింది.

మాది రైల్వే కుటుంబం. మా నాన్నగారు శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరారు. నేను పుట్టింది క్వార్టర్లో, పెరిగింది క్వార్టర్లో, పెళ్ళి చేసుకున్నది కూడా షెడ్డు మనిషినే. డీజిల్ ఇంజన్ల పని బాగా తెలిసినవారని మా ఆయనకు పేరుండేది. నైజీరియాలో రైళ్ళ పనికి మన వాళ్ళను కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారని ఎవరో చెప్పగానే ఆయన దరఖాస్తు పెట్టారు, అది కాస్తా మంజూరయింది. పాపకి అప్పటికి ఏడాదిన్నర. బిలాస్‌పూర్‌లోనే దయాల్‌బంద్‌లో ఉండే మా అత్తగారు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు ఆవకాయ జాడీకి వాసెన కడుతూ నన్ను పిలిచి చెప్పారు.

"ఒలే, దేశం కాని దేశం ఎల్తన్నావు. ఎవలు పెట్టినా ఏటీ తినకు. ఆలు ఏటి కలుపుతారో మనకేటి తెలుసు. గుంటదాన్ని జాగర్త."

ఆ మాట నేను మంత్రంలా పట్టుకున్నాను. మా వయసు కోడళ్ళకి అత్తగారి మాట అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

జారియా ఆ దేశానికి ఉత్తరాన ఉన్న రైల్వే జంక్షను. ఎర్రమట్టి, వేపచెట్లు, రేకుల కప్పు క్వార్టర్లు, పొద్దున్నే షెడ్డు సైరను, డ్యూటీ నుంచి నూనె బట్టలతో వచ్చే మనుషులు, ఇవన్నీ చూస్తే బిలాస్‌పూర్ నుంచి నేను ఎక్కడికీ కదలలేదనిపించేది. తేడా అంతా వంటింట్లోనే తెలిసేది. మేం ఉన్న కాలమంతా అక్కడ సైన్యం పరిపాలనే. మా ఆయన పేపరు చదివి ఏ అధికారి ఏమన్నాడో చెబుతుండేవారు గానీ, నాకు మాత్రం ఆ ప్రభుత్వం గురించి తెలిసిందల్లా డబ్బాల్లోంచే. విదేశీ బియ్యం రానివ్వకూడదని హుకుం వచ్చిన వారానికి మా బియ్యం డబ్బా అడుగు కనబడింది. పాలపొడి, చక్కెర, సబ్బు, నూనె షెడ్డులో పేరు రాయించుకుంటే, వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కటి ఇచ్చేవారు. రొట్టెల దుకాణం ముందు వరస తప్పిన వాళ్ళ చేత సైనికులు కప్ప గెంతులు వేయించేవారు. మెడకు టై కట్టుకున్న ఒక పెద్దమనిషి సంచీ చంకలో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, ఎర్రమట్టిలో అలా గెంతడం నేను కళ్ళారా చూశాను. ఆ రోజు తెచ్చిన రొట్టె అంతా పాపకే పెట్టేశాను.

వెళ్ళిన కొత్తలో ఇంకో తమాషా జరిగింది. ఏ దుకాణంలో ఏది అడిగినా అమ్మేవాడు చేతులు తిప్పి "బాబు" అనేవాడు. మన పక్క బాబూ అని ఎంత మర్యాదగా పిలుస్తారో తెలుసు కదా, ఈ ఊరి వాళ్ళు మా ఆయన్ని ఎంత గౌరవిస్తున్నారో అని మురిసిపోయాను. నెల తిరిగాక తెలిసింది, వాళ్ళ హౌసా భాషలో బాబు అంటే లేదు అని. బాబు షింకాఫా అంటే బియ్యం లేవు. ఆ తర్వాత మా ఆయన ఖాళీ సంచీతో ఇంటికి వస్తే నేను గుమ్మంలోంచే "ఏటి, బాబేనా?" అని అడిగేదాన్ని, ఆయన నవ్వేవారు.

మొత్తానికి బతకడం నేర్చుకున్నాం. మన కందకి పెద్దన్నలాంటి దుంప ఒకటి దొరికేది, దాన్ని చక్రాల్లా తరిగి కారం జల్లి వేయిస్తే మా ఆయన ఇష్టంగా తినేవారు. కందిపప్పు లేదు గానీ బొబ్బర్లు మాత్రం బస్తాల కొద్దీ, కాబట్టి పప్పు అన్నా చారు అన్నా వాటితోనే. చింతపండు ఎప్పుడూ దొరికేది, అదొక పెద్ద ఊరట. ఉన్న బియ్యం పాపకి ఒక పూట వండి, మేము దుంపలో రొట్టెలో తినేవాళ్ళం. చల్లటి డ్రింకు తాగాలంటే ఖాళీ సీసా ఇస్తేనే నిండు సీసా ఇచ్చేవారు. అందుకని ఊరికి అవతలి కొసన ఉండే మన దేశం వాళ్ళ ఇంటికి ఆదివారం వెళ్తే, వాళ్ళని ఇబ్బంది పెట్టకుండా మా ఖాళీ సీసాలు మేమే చేతి సంచీలో పట్టుకెళ్ళేవాళ్ళం. అవి చప్పుడు చేస్తుంటే నాకు సిగ్గుగా ఉండేది, అక్కడికి వెళ్ళాక చూస్తే అందరి సంచీలూ అలాగే మోగేవి. ఇన్నిటికీ అలవాటుపడ్డాను గానీ ఒక్క గోంగూర మీద మాత్రం నా నాలుక ఊరుకునేది కాదు. పుల్లటి ఆకు, పైన వేరుశనగ నూనె, ఇంకేమీ వద్దు. ఆ మాట మా అమ్మకి ఉత్తరంలో కూడా రాశాను.

మా పక్క క్వార్టర్లో ఆ ఊరి రైలు గార్డు ఒకడు ఉండేవాడు. అతని భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది, ఇంట్లో అతని తల్లి ఒక్కతే. మక్కా వెళ్ళొచ్చిన మనిషి కాబట్టి అందరూ హాజియా అనేవారు, నేనూ అలాగే అనేదాన్ని. పొడుగ్గా, ఎండిన కొమ్మలా ఉండేది. రోజూ తెల్లవారగానే పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి వెలిగించి బొబ్బర్లు రుబ్బి గారెల్లాంటివి వేసేది, స్టేషనుకి వెళ్ళేవాళ్ళు ఆగి కొనుక్కునేవారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు హౌసా రాదు. పలకరింపుకి "సన్ను" అనేది, నేనూ "సన్ను" అనేదాన్ని. అంతకుమించి ఏడాది పాటు మా మధ్య మాటలు లేవు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ మూత పెట్టిన గిన్నె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, పాప బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది. మూత తీస్తే పచ్చగా, చిక్కగా ఏదో కూర. ఒక పులిసిన వాసన గుప్పుమంది. అత్తగారి మాట చెవిలో మోగింది. అందులో మాంసం ఉంటుంది, ఏ మాంసమో నాకు తెలియదు, అని మనసులో తేల్చేసుకున్నాను. చుట్టూ చూసి, వంటింటి వెనక కాలువలో పారబోసి రెండు చెంబుల నీళ్ళు కొట్టాను. గిన్నె తోమి, ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు బిస్కట్లు వేసి సాయంత్రం ఇచ్చేశాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు నెలాఖరు శనివారం. సైనిక ప్రభుత్వం పెట్టిన నియమం ఒకటుండేది: ఆ రోజు పొద్దున్న పది గంటల దాకా ఎవరూ వీధిలోకి వెళ్ళకూడదు, ఇల్లూ వాకిలీ కాలువలూ శుభ్రం చేసుకోవాలి, తనిఖీకి కూడా వస్తారు. నేను ముందు వాకిలి ఊడుస్తుంటే హాజియా పార పట్టుకుని వెనక్కి వెళ్ళడం కనిపించింది. నాకు ఏ ఆలోచనా తట్టలేదు.

తరవాత రెండు వారాలకి వానలు ముదిరాయి. ఎగువన ఎక్కడో రైలు కట్ట కొట్టుకుపోయిందని కబురొచ్చి, మరమ్మతు మనుషులతో బ్రేక్‌డౌన్ రైలు బయలుదేరింది. అందులో మా ఆయనా, పక్కింటి గార్డూ ఇద్దరూ వెళ్ళారు. "రేపు సాయంత్రానికి వచ్చేస్తాను, బియ్యం పట్టుకొస్తాను" అని మా ఆయన చెప్పి వెళ్ళారు. మర్నాడు పొద్దున్న రేడియో పెడితే వార్తలు లేవు, ఒకటే బ్యాండు మోత. కాసేపటికి ఎవరో గంభీరంగా చదివారు: ఉన్న సైనికాధికారిని దించేసి ఇంకో సైనికాధికారి వచ్చాడు, విమానాశ్రయాలు మూసేశారు, కర్ఫ్యూ పెట్టారు. బజారు తెరవలేదు. షెడ్డుకి వెళ్ళి కబురు కనుక్కుందామని పాపని ఎత్తుకుని గేటు దాకా వెళ్తే, అక్కడ నిలబడ్డ సైనికుడు తుపాకీ ఎత్తలేదు, అరవలేదు, ఊరికే వేలితో వెనక్కి అని చూపించాడు. నా వయసు వాడే, నాకంటే చిన్నవాడేమో కూడా. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను.

మా ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. డబ్బాలో గుప్పెడు బియ్యం, పాలపొడి డబ్బా గీకితే రెండు చెంచాలు. వాటితో ఒకరోజు లాక్కొచ్చాను. మూడో రోజు పాపకి ఒళ్ళు కాలిపోతోంది, విరేచనాలు పట్టుకున్నాయి, ఇంట్లో మిగిలిన ఒక్క దుంప ముక్క ఉడికించి నోట్లో పెడితే ఉమ్మేస్తోంది. మధ్యాహ్నానికి ఏడవడం కూడా మానేసి నా భుజం మీద మెడ వాల్చేసింది. ఏడ్చే పిల్లని చూస్తే విసుగొస్తుంది గానీ, ఏడవని పిల్లని చూస్తే వచ్చే భయం తల్లులకే తెలుస్తుంది. వెనక గుమ్మంలో కూర్చుని, ఎవరిని పిలవాలో ఏ భాషలో పిలవాలో తెలియక, నేను మా అమ్మని తలుచుకుని గట్టిగానే ఏడ్చాను.

ఆ ఏడుపు విని కాబోలు, హాజియా రెండిళ్ళ మధ్య ఉన్న తడిక పక్కకి తోసుకుని వచ్చింది. పాప నుదురు చూసింది, పొట్ట మీద వేళ్ళతో తట్టింది, గబగబా వెళ్ళిపోయింది. ఒక అరగంటకి ఎండిన సొరకాయ బుర్ర నిండా గంజి తెచ్చింది. నా చేతికి ఇవ్వబోయి ఆగింది. నా మొహంలోకి చూసి, కొయ్య గరిటెతో కొంచెం తన అరచేతిలో పోసుకుని నా ఎదురుగా తాగింది. ఆ తరవాత చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు ఒక్కొక్క మాటే చెప్పింది.

"గెరో. రువా. సుకారీ." అని, కాస్త ఆగి, "బాబు నామా."

గెరో అంటే మన గంటెలు, సజ్జలనండి. తక్కినవి నీళ్ళు, చక్కెర. నామా అంటే మాంసం. మాంసం లేదు అని చెబుతోంది నాకు.

అంటే ఆవిడకి తెలుసు. ఆ గిన్నె ఏమయిందో, ఎందుకయిందో, అంతా తెలుసు. తెలిసి కూడా రోజూ నాకు "సన్ను" చెబుతోంది. ఆ క్షణంలో నేను ఏం చేశానో సరిగ్గా గుర్తులేదు. పాపని ఆవిడ ఒళ్ళోకి ఇచ్చినట్టు మాత్రం గుర్తుంది. ఆవిడ గరిటె అంచుతో చుక్కచుక్కగా పోస్తుంటే, పాప మొదట పెదాలు తడుపుకుని, తరవాత గుటక వేసి, ఆ తరవాత రెండు చేతులతో గరిటె పట్టుకుంది. మిగిలింది నాకు తాగమని చూపించింది. పల్చగా, వేడిగా, కొంచెం పుల్లగా, కొంచెం అల్లం ఘాటుగా ఉన్న ఆ గంజి రెండు రోజుల ఖాళీ కడుపులోకి దిగుతుంటే నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం కర్ఫ్యూ వేళకి ముందే మమ్మల్ని తన ఇంట్లోకి తీసుకెళ్ళిపోయింది. ఆవిడ కొడుకూ అదే రైల్లో ఉన్నాడు కదా, ఆవిడకీ భయమే, కానీ చేతులు ఊరుకునేవి కావు. మర్నాడు పొద్దున్న పెరట్లో ఆవిడ ఆకు గిల్లుతుంటే చూశాను. ఎర్ర కాడలు, వేళ్ళలా చీలిన ఆకులు. నేను ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. గోంగూర. ఆవిడ "యాకువా" అంది. ఆ ఆకులు ఉడికించి, దంచిన వేరుశనగ పప్పు కలిపి, పులియబెట్టిన గింజల ముద్ద ఒకటి అందులో వేసింది. గుప్పుమన్న వాసన నాకు తెలిసినదే. ఏడాది పాటు కలలు కన్న గోంగూరని, నా ఇంటికి తెచ్చి నా చేతిలో పెడితే, నేను రుచి చూడకుండానే కాలువలో పోశానన్నమాట. ఆ రోజు కడుపు నిండా తిన్నాను. రుచి మన గోంగూరదే, పక్కన వేరే ఊరి గాలి ఏదో కలిసినట్టుంది.

అయిదో రోజు పగలు, నేను హాజియా రుబ్బురాయి దగ్గర చీర కొంగు దోపుకుని బొబ్బర్లు రుబ్బుతుంటే, తడిక అవతల నుంచి గొంతు వినిపించింది.

"ఒలే, ఇల్లు తలుపులు బార్లా తీసీసి ఇక్కడేటి సేస్తన్నావు?"

మా ఆయన. మోకాళ్ళ దాకా బురద, పెరిగిన గడ్డం, భుజాన ఒక చిన్న మూట. వెనకే గార్డు. దారిలో సైనికులు రైలు ఆపేస్తే, పట్టాల వెంట నడిచొచ్చారట. పల్లెల్లో వాళ్ళు వేరుశనగకాయలూ, మజ్జిగలో కలిపిన గంటి ముద్దలూ పెట్టారట.

"గుంటదెలాగుంది?" అన్నారు.

"బాగుంది. బొబ్బర గారె తినీసి పడుకుంది" అన్నాను. "మీరేటి పట్టుకొచ్చినారు?"

ఆయన మూట విప్పి చూపించారు. ముతక బియ్యం, ఎర్రవి, రాళ్ళు కలిసినవి. నేను అందులో సగం హాజియా చేటలో పోశాను. ఆయన మిగతాది మళ్ళీ మూట కట్టారు.

కొన్నాళ్ళకి పరిస్థితి సర్దుకున్నాక, ఒక సాయంత్రం గార్డుని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లీషులో తడుముకుంటూ ఆ గిన్నె సంగతి చెప్పి, మీ అమ్మగారికి చెప్పు, నన్ను క్షమించమను, అన్నాను. అతను చెబుతుంటే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ అన్నది అతను తిప్పి చెప్పాడు: మీ కాలువ మా పెరట్లోంచే కదా పోయేది, ఆ శనివారం తనిఖీ వాళ్ళు వస్తారని కాలువ తీస్తుంటే నా కూర నాకే ఎదురొచ్చింది. మీ వాళ్ళు ఆవు మాంసం తినరని మా అబ్బాయి చెప్పాడు, అందుకని వట్టి ఆకుతోనే చేశాను. ఆ మాట చెప్పడానికి నాకు మీ భాష రాదు, అడగడానికి నీకు మా భాష రాదు. తప్పు నీది కాదు.

తప్పు నాదే అని నాకు తెలుసు. కానీ ఆవిడ అంతటితో ఆ మాట ముగించి పాపకి గారె తుంపి పెట్టింది.

ఆ తరవాత ఇంకో రెండేళ్ళు అక్కడ ఉన్నాం. ఎండుమిరపకాయలు వేసి గోంగూర పచ్చడి నూరడం నేను నేర్పాను, ఆవిడ తన గారెల పక్కన అది పెట్టి అమ్మితే స్టేషను జనం వేళ్ళు నాకేవారు. హౌసా మాటలు ఒక వందో, నూటయాభయ్యో నేర్చుకున్నాను. వచ్చేసేటప్పుడు ఆవిడ నా చీర కొంగు పట్టుకుని చూసింది, నేను ఆ చీరే ఇచ్చేశాను. బిలాస్‌పూర్ వచ్చాక గార్డు రెండు ఉత్తరాలు రాశాడు. రెండోదానికి నేను జవాబు రాశాను గానీ అది చేరిందో లేదో, ఆ పైన అటునుంచి ఏమీ రాలేదు.

మా అత్తగారికి ఈ సంగతి చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆవిడ మంచం పట్టాక, ఒకరోజు జావ పోస్తూ చెప్పేశాను. కళ్ళు మూసుకుని విని, "గంటి గంజే కదే. మాయమ్మా అదే తాగీది" అన్నారు. అంతే. ఇన్నేళ్ళూ నేను దేనికి భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ డబ్బా ఖాళీ కాదు. మనవరాలు ఫోను మీద వేలు ఆడిస్తే, ఏ వీధిలో ఎవరు వండారో తెలియని తిండి అరగంటలో గుమ్మం ముందు ఉంటుంది. ఎవరి చేతి కూడో అని ఆ పిల్ల అడగదు. అడగకపోవడం మంచిదే, మా అత్తగారి భయమూ నా భయమూ వీళ్ళకి అంటలేదని నాకు సంతోషమే. తినగలిగినంత తిని, మిగిలింది పెట్టెతో సహా చెత్తబుట్టలో వేస్తుంది. అందుకు నొచ్చుకునే మనిషి గోడ అవతల ఎవరూ లేరు. మర్నాడు ఎదురుపడి నవ్వవలసిన మనిషీ లేదు. మా రోజుల్లో తిండికి కరువుండేది, పట్టింపులుండేవి, కానీ తిన్నా పారబోసినా దాని వెనక ఒక మొహం ఉండేది. ఆ మొహాలు ఎప్పుడు, ఎలా మన కంచాల నుంచి తప్పుకున్నాయో, నా ఈడు వాళ్ళెవరైనా గమనించారేమో, నాకు మాత్రం తెలియలేదు.